శ్రమ అక్కరలేని పువ్వు? జూబ్లీహిల్స్, ఫిలింనగర్ గోడల మీద కాగితం పూల చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• బోగన్‌విలియా, అంటే కాగితం పూల మొక్క, దక్షిణ అమెరికా నుంచి హైదరాబాదు దాకా వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు;
• జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు రాతి గుట్టల నుంచి నివాస ప్రాంతాలుగా మారిన తీరును ఆ మొక్కతో ముడిపెట్టి చెప్పగలుగుతారు;
• ఒక మొక్క 'మనది' ఎప్పుడవుతుంది, 'పరాయిది' ఎప్పుడవుతుంది అనే ప్రశ్నను చర్చించగలుగుతారు;
• మీ ఊరిలోని ఒక మొక్కను చరిత్రకు ఆధారంగా తీసుకుని చిన్న వ్యాసం రాయగలుగుతారు.

7.1 పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మనకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, దస్తావేజులు గుర్తుకొస్తాయి. ఇంటి గోడ మీద పాకిన మొక్క గుర్తుకు రాదు. అయితే ఆ మొక్క కూడా ఎక్కడి నుంచో వచ్చింది. ఎవరో దాన్ని తెచ్చారు, ఎవరో నాటారు. దాన్ని ఇక్కడే ఎందుకు నాటారు అని అడిగితే, జవాబు వెతకడం కోసం చరిత్రలోకి వెళ్లక తప్పదు.

హైదరాబాదులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిలింనగర్ వైపు వెళ్లే రోడ్ల మీద మండు వేసవిలో నడిచి చూడండి. మిగతా చెట్లు వడలిపోయి ఉండగా, ఎత్తయిన ప్రహరీ గోడల మీద నుంచి ముదురు గులాబీ, ఊదా, నారింజ, తెలుపు రంగుల గుత్తులు కిందికి వేలాడుతుంటాయి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రాంగణం కూడా జూబ్లీహిల్స్‌లోనే ఉంది. పని మీద అక్కడికి వచ్చినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

ఈ మొక్క గురించి ఏ నర్సరీలో అడిగినా దాదాపు ఒకే మాట చెబుతారు: దీనికి పెద్దగా శ్రమ అక్కరలేదు, నీళ్లు తక్కువైనా బతుకుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం ఆ మాట చాలావరకు నిజం. చరిత్ర ప్రకారం మాత్రం కాదు. ఆ పువ్వు ఆ గోడ మీదికి రావడానికి ముందు సముద్రాలు దాటిన శ్రమ ఉంది, రాళ్లు పగలగొట్టిన శ్రమ ఉంది, కొమ్మ నుంచి కొమ్మకు మొక్కను పెంచుతూ వచ్చిన శ్రమ ఉంది. ఆ శ్రమ ఎవరిది, అది మన కంటికి ఎందుకు ఆనదు అన్నదే ఈ భాగంలో మన ప్రశ్న.

7.2 పువ్వు కాని పువ్వు

ముందుగా మొక్కను తెలుసుకుందాం. మనం రంగురంగుల రేకులు అనుకునేవి రేకులు కావు. అవి రంగు మారిన ఆకులు. వృక్షశాస్త్రంలో వాటిని పుచ్ఛాలు అంటారు. సాధారణంగా మూడు పుచ్ఛాలు కలిసి ఒక గుత్తిగా ఉంటాయి. ఆ మూడింటి మధ్య సన్నని గొట్టాల్లాంటి తెల్లని చిన్న పూలు కనిపిస్తాయి. అసలు పూలు అవే. పుచ్ఛాలు పలుచగా, పొడిగా, రాలిన తరవాత కూడా చాలాకాలం రంగు పోకుండా ఉంటాయి. 'కాగితం పువ్వు' అన్న తెలుగు పేరు అందుకే వచ్చింది. పుచ్ఛాల ఎరుపు, ఊదా రంగులకు కారణమైన వర్ణకాలు బీట్‌రూట్‌కు ఎరుపునిచ్చే వర్ణకాల వర్గానికే చెందినవి.

ఇది బహువార్షిక మొక్క. ఒకసారి వేరు పట్టుకుంటే దశాబ్దాలు బతుకుతుంది. దీని కుటుంబం నిక్టాజినేసి. ఆ పేరు కొత్తగా అనిపించినా, ఆ కుటుంబంలోని ఇద్దరు సభ్యులు మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒకటి సాయంత్రం పూసే చంద్రకాంత. రెండోది పొలం గట్ల మీద నేలబారుగా పాకే అటికమామిడి, అంటే పునర్నవ. అటికమామిడి మన నేలకు పాత కాపు. చంద్రకాంత మాత్రం కాగితం పువ్వులాగే అమెరికా ఖండం నుంచి వచ్చింది.

7.3 ఓడ, పేరు, శ్రమ

1766లో ఫ్రాన్స్ నుంచి లూయీ ఆంత్వాన్ ద బూగన్‌విల్ అనే నౌకాధికారి నాయకత్వంలో ఒక ప్రపంచ యాత్ర మొదలైంది. ఏడేళ్ల యుద్ధంలో కెనడాను, భారతదేశంలో తన పలుకుబడిలో అధిక భాగాన్ని ఇంగ్లండుకు కోల్పోయిన ఫ్రాన్స్ కొత్త భూములను, కొత్త సరుకులను వెతుక్కుంటున్న కాలమది. 1763లో ఆ యుద్ధం ముగిసింది. అంతకు రెండేళ్ల ముందే, 1761లో, పుదుచ్చేరి ఆంగ్లేయుల చేతికి చిక్కింది. తెలుగు తీరంలోని మచిలీపట్నం, ఉత్తర సర్కారులు కూడా అదే యుద్ధంలో ఫ్రెంచివారి చేయి జారాయి. అంటే మన సర్కారు జిల్లాల చరిత్రా, ఈ పువ్వు చరిత్రా ఒకే యుద్ధపు నీడలో నడిచాయి.

ఆ యాత్రలోని రెండో ఓడ ఎత్వాల్‌లో ఫిలిబేర్ కామర్‌సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడున్నాడు. 1767లో ఓడలు బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఆగినప్పుడు అక్కడ సేకరించిన మొక్కల్లో ఇదొకటి. దానికి ఓడ నాయకుడి పేరు పెట్టారు. 1789లో ఆంత్వాన్ లోరాన్ ద జుస్యూ తన గ్రంథంలో ఆ ప్రజాతి పేరును అచ్చువేశాడు.

కామర్‌సన్‌కు సహాయకుడిగా ఓడ ఎక్కిన వ్యక్తి నిజానికి జాన్ బారే అనే స్త్రీ. అప్పటి ఫ్రెంచి నౌకాదళ నిబంధనలు స్త్రీలను ఓడల్లోకి రానివ్వవు. ఆమె మగవేషం వేసుకుని ప్రయాణించింది. కామర్‌సన్ కాలిపుండుతో బాధపడేవాడు. కొండలెక్కడం, సామాను మోయడం, మొక్కలు సేకరించడం వంటి కష్టమైన పనుల్లో పెద్ద భాగం ఆమె మీద పడింది. 1768లో తాహితిలో ఆమె స్త్రీ అన్న సంగతి బయటపడింది. బూగన్‌విల్ తన యాత్రా గ్రంథంలో ఆమె గురించి రాశాడు. 1773లో కామర్‌సన్ మారిషస్‌లో మరణించాడు. తరవాత ఆమె ఫ్రాన్స్ చేరుకుని, ప్రపంచాన్ని చుట్టివచ్చినట్లు మనకు తెలిసిన మొదటి స్త్రీ అయింది. 1785లో ప్రభుత్వం ఆమెకు పింఛను ఇచ్చింది. ఒక మొక్కకు శాశ్వతంగా ఆమె పేరు దక్కింది మాత్రం 2012లో. అది వంగ జాతికి చెందిన దక్షిణ అమెరికా మొక్క.

ఇక్కడ విద్యార్థిగా మీరు గమనించవలసింది ఒకటుంది. మొక్క పేరులో నిలిచింది ఓడ నాయకుడు. గ్రంథాల్లో నిలిచింది శాస్త్రజ్ఞుడు. మూట మోసిన మనిషి పేరు ఒక మొక్కకు శాశ్వతంగా దక్కడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ఈ వరస మనకు జూబ్లీహిల్స్‌లో మళ్లీ ఎదురవుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
1. కాగితం పువ్వులో అసలు పువ్వు ఏది?
2. బూగన్‌విల్ యాత్రకు ఏడేళ్ల యుద్ధంతో ఉన్న సంబంధం ఏమిటి?

7.4 కలకత్తా తోటల నుంచి

ఈ మొక్క ఐరోపా మీదుగా 1860లో కలకత్తా చేరిందని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. వలస పాలన కాలంలో కలకత్తా మొక్కల రాకపోకలకు పెద్ద కూడలి. 1820లో విలియం కేరీ అక్కడ ఒక వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించాడు. ఈ కేరీ తెలుగువారికి కొత్తవాడు కాదు. 1814లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసినవాడు ఆయనే. భాషలను నమోదు చేయడం, మొక్కలను నమోదు చేయడం ఆ కాలపు మిషనరీలకు, అధికారులకు పక్కపక్కన సాగిన పనులు.

కలకత్తాలోని ఆ సంఘం తోటలోనే 20వ శతాబ్దం మధ్యలో ఒక విచిత్రం జరిగింది. ఒక మొక్క కొమ్మ తనంతట తాను మారి, ఒకే మొక్క మీద తెల్లని పుచ్ఛాలూ ముదురు గులాబీ పుచ్ఛాలూ పూసింది. 'మేరీ పామర్' అన్న పేరుతో ఆ రకం దేశమంతా వ్యాపించింది. ఇప్పుడు మన నర్సరీల్లో 'రెండు రంగుల మొక్క' అని అడిగితే ఇచ్చే వాటిలో ఇది ముఖ్యమైనది. ఎరుపు రంగు సంకరాలకు మూలమైన 'మిసెస్ బట్' కథ కూడా తోట గోడ దగ్గర మొదలైందే. ట్రినిడాడ్‌కు చెందిన ఒకావిడ సుమారు 1910లో కొలంబియాలోని కార్తహేనాలో ఒక తోటలో దాన్ని చూసి కొమ్మ తెచ్చుకున్నారు.

స్వాతంత్ర్యం తరవాత ఈ మొక్కను శాస్త్రీయంగా పెంచినవారిలో బి.పి. పాల్ ముఖ్యులు. ఆయన గోధుమ వంగడాల శాస్త్రజ్ఞులు. 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యారు. దేశానికి తిండిగింజలు తక్కువైన రోజుల్లో గోధుమ మీద పనిచేసిన మనిషే తీరిక వేళల్లో గులాబీల మీద, బోగన్‌విలియా మీద కృషి చేసి, వాటి గురించి పుస్తకాలు రాశారు. బోగన్‌విలియా కొత్త రకాల పేర్లను అంతర్జాతీయ స్థాయిలో నమోదు చేసే బాధ్యత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థది. పరదేశం నుంచి వచ్చిన మొక్క వంశవృక్షం ఇప్పుడు మన దేశంలో నమోదవుతోంది.

7.5 రాతి గుట్టలు కాలనీలైన విధం

ఇక హైదరాబాదుకు వద్దాం. నగరానికి పడమటనున్న ఈ గుట్టలు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్లుండే బండలు, వాటి సందుల్లో పలుచని మట్టి, తంగేడు, మోదుగ, సీతాఫలం, ముళ్లపొదలు. ఇదీ పాత దృశ్యం. ఆ దృశ్యంలో ఒక ముక్కను ఇప్పటికీ 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో చూడవచ్చు.

పక్కనున్న బంజారాహిల్స్‌కు ఆ పేరు అక్కడ నివసించిన బంజారాల వల్ల వచ్చింది. 1930లలో నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకున్నారు. బండలను పగలగొట్టకుండా, వాటినే గోడల్లో కలుపుకుని కట్టిన ఇల్లది. ఆయన తరవాత గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరయ్యారు. గుట్టల మీద నివాసానికి దారి చూపినవారిగా ఆయన పేరు చెబుతారు.

జూబ్లీహిల్స్ చరిత్ర వేరు. అది ఒక్క అధికారి ఇంటితో కాక సహకార సంఘంతో మొదలైంది. జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం 1962లో ఏర్పడింది. దాని స్థాపనలో చల్లగళ్ల నరసింహారావు పాత్ర ప్రధానమైనది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయ్యాక పెరిగిన అధికారులు, వృత్తినిపుణులు, వ్యాపారుల అవసరాలకు ఇటువంటి సంఘాలు జవాబయ్యాయి.

సినిమా పరిశ్రమ రాక దీనికి తోడైంది. రాష్ట్రం ఏర్పడినా తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులోనే ఉండిపోయింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించారు. తరవాత కృష్ణ కుటుంబం పద్మాలయా స్టూడియోను, డి. రామానాయుడు ఫిలింనగర్‌లో తమ స్టూడియోను నెలకొల్పారు. సినిమావారి సహకార గృహనిర్మాణ సంఘంతో ఫిలింనగర్ రూపుదిద్దుకుంది. 1980లు, 1990లలో నటులు, నిర్మాతలు, సాంకేతిక నిపుణులు మద్రాసు నుంచి ఇక్కడికి మారారు.

ప్లాటు కాగితం మీద గీసినంత సులువుగా నేల మీద రాదు. బండలు పగలాలి, రోడ్లు తొలవాలి, మట్టి మోయాలి. తెలుగు నేలలో రాతిపని వడ్డెర కులవృత్తి. ఇళ్ల నిర్మాణంలో, రోడ్ల పనిలో పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీల చేయి ఉంది. ఫిలింనగర్ పేరు వినగానే బంగళాలు గుర్తుకొస్తాయి గానీ, ఆ గుట్టల వాలు మీదనే పెద్ద బస్తీలున్నాయి. బంగళాల్లో తోటపని, వంటపని, కాపలా చేసేవారిలో, స్టూడియోల్లో లైట్లు మోసేవారిలో, సెట్లు వేసేవారిలో చాలామందికి ఇటువంటి బస్తీలే నివాసం. ఓడలో మూట మోసిన బారే పేరు ఆలస్యంగానైనా దొరికింది. ఈ గుట్టల మీద తట్టలు మోసినవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా కనిపించవు.

7.6 ఇక్కడ ఈ మొక్కే ఎందుకు?

గ్రానైటు మీద పలుచని మట్టి, నిలవని నీరు, రోజంతా ఎండ. గులాబీకి, మల్లెకు ఇవి కష్టాలు. కాగితం పువ్వుకు ఇవే అనుకూలాలు. ఈ మొక్కకు నీరు ఎక్కువైతే ఆకులు పెరుగుతాయి. నీరు తగ్గి కాస్త ఎండితే రంగు గుత్తులు వస్తాయి. గుట్టల మీద నీటి కొరత మనుషులకు సమస్య అయినప్పుడు, అదే కొరత ఈ మొక్కను పూయించింది. పైగా దీనికి గట్టి ముళ్లుంటాయి. ప్రహరీ గోడ మీద ఇది అందానికి అందం, కంచెకు కంచె. ప్లాట్లు పడి, గోడలు లేచి, లోపలివారూ బయటివారూ వేరయిన చోట ఇటువంటి మొక్కకు గిరాకీ సహజం.

మీ ఇంట్లో పెంచి చూస్తే ఈ విషయం పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది. పద్ధతి సులువు.

• పెన్సిలు మందంలో, ఒక మాదిరి ముదిరిన కొమ్మను జానెడు పొడవున కోయండి. ఆకులు తీసేసి, అడుగు కొనను ఏటవాలుగా కోసి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో గుచ్చండి. తొలకరి తరవాతి రోజులు దీనికి అనుకూలం.
• వేరు పట్టేదాకా నీడలో ఉంచి, మట్టి తడి ఆరకుండా చూడండి. అన్ని కొమ్మలూ బతకవు. అందుకని నాలుగైదు పెట్టండి.
• వేరు పట్టిన మొక్కను అడుగున రంధ్రాలున్న కుండీలోకి మార్చండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు చాలు.
• రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగిలే చోట ఉంచండి. పైమట్టి ఆరాకనే నీరు పోయండి.
• పూత కొత్త చిగుళ్ల మీద వస్తుంది. ఒక విడత పూత అయిపోయాక కొమ్మలు కత్తిరించండి. యూరియా వంటివి ఎక్కువ వేస్తే ఆకే మిగులుతుంది. కత్తిరించేటప్పుడు ముళ్లు గుచ్చుకోకుండా చేతికి గుడ్డో తొడుగో ఉండాలి.

ఒక ముఖ్య విషయం. తోటల్లో పెంచే రకాల్లో చాలావాటికి గింజ పట్టడం అరుదు. కాబట్టి గాలికో పిట్టకో ఇది ఇంకో గోడకు చేరదు. ఎవరో కొమ్మ కోయాలి, ఎవరో నాటాలి. జూబ్లీహిల్స్ గోడ మీది ప్రతి కాగితం పువ్వూ ఒక మనిషి చేతి నుంచి ఇంకో మనిషి చేతికి వచ్చిన కొమ్మే. శ్రమ అక్కరలేని మొక్క అని మనం అనేది యజమానికి శ్రమ అక్కరలేని మొక్కను. ఆ శ్రమ నర్సరీ కూలీదో, తోటమాలిదో.

7.7 తంగేడు, బంతి, కాగితం పువ్వు: ఏది మనది?

ఈ గుట్టల మీద కాగితం పువ్వుకు ముందు నుంచీ తంగేడు ఉంది. దానికీ నీళ్లు పోసేవారు లేరు, అదీ రాళ్ల మధ్య పసుపుగా పూసేది. తంగేడును గోడలోపల పెంచరు. బయలు నేలలో కోసుకొస్తారు. బతుకమ్మలో పేరుస్తారు. దాని బెరడును తోళ్లు పదును చేయడానికి వాడేవారు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అది రాష్ట్ర పుష్పమైంది. బయలు నేలలు ప్లాట్లుగా మారినచోట తంగేడు తగ్గిపోయింది. అది బీడులో బతికే పువ్వు. బీడు పోతే అదీ పోతుంది.

ఇంతవరకు చదివి, దేశవాళీ పువ్వు పోయి పరదేశీ పువ్వు వచ్చింది అని ముగించడం సులువు. కానీ బంతిని చూడండి. బంతి పుట్టిల్లు మెక్సికో. ఐరోపా నావికుల కాలంలో మన దేశానికి వచ్చింది. ఇప్పుడు బంతి లేని గుమ్మం లేదు, పెళ్లి పందిరి లేదు. బతుకమ్మలో తంగేడు, గునుగుల పక్కన బంతి ఉంటుంది. దాన్ని పరాయిదని ఎవరూ అనరు. మిరప కూడా అంతే. ఆవకాయలో కారం పరదేశీ అని ఎవరైనా అంటే నవ్వుతాం.

మరి బంతి మనదైంది, కాగితం పువ్వు గోడ మీదే ఎందుకు ఉండిపోయింది? మూడు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది, బంతిని రైతు గింజ వేసి పండిస్తాడు. మార్కెట్లో కిలోల లెక్కన అమ్ముతాడు. కాగితం పువ్వు పంట కాదు. రెండోది, బంతి దారానికి గుచ్చితే నిలుస్తుంది. కాగితం పువ్వు దండకు ఒదగదు. వాసన లేదు గనుక జడలోకీ సాధారణంగా ఎక్కదు. మూడోది, బంతి పదిమంది చేతుల్లోకి వెళ్లే పువ్వు. ఇది చూసి వెళ్లిపోయే పువ్వు. అంటే ఒక మొక్క మనదయ్యేది పుట్టిన చోటును బట్టి కాదు, దానితో మనం పెట్టుకున్న పనిని బట్టి.

ఆ సంబంధం మారవచ్చు కూడా. బస్తీల్లో పాత పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో ఇదే కాగితం పువ్వు పెరగగలదు. కొమ్మకు డబ్బు అక్కరలేదు. తోటమాలి బంగళాలో కత్తిరించి పారేసే కొమ్మ తన ఇంటి ముందు బతుకుతుంది. గోడ మీద కంచెగా మొదలైన మొక్క ఆ గోడనే దాటగలదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
1. నీటి కొరతకూ కాగితం పూల పూతకూ ఉన్న సంబంధం ఏమిటి?
2. బంతి, కాగితం పువ్వు రెండూ అమెరికా ఖండం నుంచే వచ్చినా, మన సంస్కృతిలో వాటి స్థానం ఎందుకు వేరు?

7.8 మీరు చేయవలసిన పని

మీ వీధిలో కనీసం పదేళ్ల వయసున్న ఒక మొక్కను ఎంచుకోండి. అది కాగితం పువ్వే కానక్కరలేదు. గన్నేరు, నందివర్ధనం, మెట్టతామర ఏదైనా సరే. దాన్ని ఎవరు నాటారు, ఎక్కడి నుంచి తెచ్చారు, అప్పుడు ఆ స్థలం ఎలా ఉండేది, నీరు ఎక్కడి నుంచి వచ్చేది అని ఆ ఇంటివారిని, పొరుగువారిని అడిగి రాసుకోండి. ఇంటి యజమాని చెప్పేదానితో ఆగకండి. నీళ్లు పోసిన మనిషిని కూడా అడగండి. ఇద్దరి జవాబులు వేరుగా ఉంటే తప్పు జరిగిందనుకోవద్దు. చరిత్ర రచన మొదలయ్యేది అక్కడే.

సినిమాల మీద ఆసక్తి ఉన్నవారు ఇంకో పని చేయవచ్చు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ బంగళాలను షూటింగులకు అద్దెకు ఇవ్వడం మామూలే. సంపన్నుల ఇంటి గేటును చూపించే సన్నివేశాల్లో గోడ మీద ఏ మొక్క కనిపిస్తోందో 1980ల నుంచి పదేళ్లకు ఐదు సినిమాల చొప్పున చూసి పట్టిక తయారుచేయండి. ఆ ఇళ్లను తెర మీద చూసి మిగతా ఊళ్లలోనూ అటువంటి గోడలు, అటువంటి మొక్కలు వచ్చాయా అన్నది మీరు పరీక్షించదగిన పరికల్పన.

7.9 సారాంశం

కాగితం పువ్వు 18వ శతాబ్దపు సామ్రాజ్యాల పోటీలో ఐరోపావారి కంట పడి, 19వ శతాబ్దంలో కలకత్తా చేరి, 20వ శతాబ్దంలో భారతీయ శాస్త్రజ్ఞుల కృషితో రకరకాలుగా వృద్ధి చెందింది. 1962 తరవాత జూబ్లీహిల్స్, 1970ల తరవాత సినిమా పరిశ్రమతో పాటు ఫిలింనగర్ రాతి గుట్టల మీద పెరిగాయి. నీరు తక్కువైన ఆ నేలలో, ఎత్తయిన గోడల మీద ఈ మొక్క కుదురుకుంది. దాని పేరులో ఓడ నాయకుడున్నాడు. దాని వెనుక జాన్ బారే, రాయి కొట్టినవారు, కొమ్మ నాటినవారు ఉన్నారు. 'సులువైన మొక్క' అన్న మాట వినపడినప్పుడు, ఎవరికి సులువు అని అడగడం చరిత్ర విద్యార్థి పని.

7.10 ముఖ్య పదాలు

పుచ్ఛం: పువ్వు దగ్గర ఉండే ప్రత్యేకమైన ఆకు, కాగితం పువ్వులో రంగు దీనిదే.
బహువార్షికం: రెండేళ్లకు మించి బతికే మొక్క.
సహకార గృహనిర్మాణ సంఘం: సభ్యులు కలిసి భూమి పొంది ఇళ్ల స్థలాలుగా పంచుకునే సంస్థ.
పరికల్పన: ఆధారాలతో పరీక్షించడానికి వీలుగా ముందుగా చేసుకునే ఊహ.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దక్షిణ అమెరికా నుంచి హైదరాబాదు వరకు కాగితం పూల మొక్క ప్రయాణాన్ని వివరించండి.
2. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల రూపకల్పనలో సహకార సంఘాల, సినిమా పరిశ్రమ, శ్రామికుల పాత్రలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జాన్ బారే జీవితం చరిత్ర రచనకు లేవనెత్తే ప్రశ్నలేమిటి?
2. 'ఒక మొక్క మనదయ్యేది పుట్టిన చోటును బట్టి కాదు.' తంగేడు, బంతి, కాగితం పువ్వు ఆధారంగా ఈ వాక్యాన్ని సమర్థించండి లేదా ఖండించండి.